శంకరం కొండల మీది దిబ్బలు – ఒక పరిశీలన

మన ప్రాంతంలో ప్రతి కొండకూ, ప్రతి దిబ్బకూ ఒక పేరుంది. ఆ పేరు వెనుక ఒక ఊహ ఉంది. రాతిలో తొట్లు కనబడ్డాయి గనుక భీమిలి దారిలో తొట్లకొండ. లోపల ధనం దాచారనుకున్నారు గనుక రాంబిల్లి వైపు కొత్తూరులో ధనదిబ్బలు. సైన్సు విద్యార్థుల భాషలో చెప్పాలంటే ఇవన్నీ పరికల్పనలు. పరికల్పన చేయడంలో దోషం లేదు. దాన్ని పరీక్షకు పెట్టాలి, అంతే. ఈ ఉద్దేశంతోనే మేం ఐదుగురు బి.ఎస్సీ. విద్యార్థులం చోడవరం నుండి బయలుదేరి, అనకాపల్లి దగ్గరున్న శంకరం కొండలు చూసి వచ్చాం.

శంకరం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలోది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోది. పొలాల నడుమ రెండు చిన్న కొండలు. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. బొజ్జన్నకొండ మెట్లెక్కితే మొదట రాతిని తొలిచిన గుహ వస్తుంది. వాకిలికి అటూ ఇటూ ద్వారపాలకులు, లోపల స్తంభాల నడుమ ఒకే రాతిలో మలిచిన స్తూపం. ఇంకా పైకి వెళితే పెద్ద దిబ్బలాంటి కట్టడం ఉంది. దాని అడుగు కొండరాయే, పైన ఇటుకల కట్టు. చుట్టూ చిన్న చిన్న స్తూపాలు, గదుల పునాదులు. లింగాలకొండ మీద ఇటుక పని కంటే రాతి పని ఎక్కువ. పెద్దవీ చిన్నవీ గుండ్రటి స్తూపాలు వరుస మీద వరుసగా కొండ నిండా ఉన్నాయి.

ఇవి ఎందుకు చేశారు? అక్కడే చెట్టు నీడన కూర్చుని వాదన మొదలుపెట్టాం.

హిస్టరీ పుస్తకాలు బాగా చదివే మిత్రుడు "ఇది కోటేరా!" అన్నాడు. కోటయితే చుట్టూ గోడ, బురుజులు ఉండాలి. శత్రువు ఎక్కలేని ఎత్తుండాలి. ఇక్కడ అవేమీ కనబడవు. పైపెచ్చు కొండ నెత్తిన, కాపలా ఉండవలసిన చోటంతా స్తూపాలే ఆక్రమించాయి.

రెండో వాడు ధాన్యం దాచే గాదెలేమో అన్నాడు. రైతుబిడ్డనైన నాకు ఈ మాట నచ్చింది, కానీ నిలబడలేదు. లింగాలకొండ స్తూపాలు లోపల బోలుగా లేవు, నిండు రాయి. నిండు రాతిలో గింజెలా దాస్తాం?

మూడోది ఊరివారి మాట, పేరులోనే ఉంది: లింగాలు. లింగానికి పానవట్టం ఉంటుంది, అభిషేకం నీరు పోవడానికి దారి ఉంటుంది. వీటికి లేవు. వీటికున్నది గుండ్రటి పీఠం, దాని మీద బోర్లించిన గిన్నె ఆకారం. అది స్తూప లక్షణం.

నాలుగోది, బౌద్ధ విహారం. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. గుర్రం బొమ్మ ఉన్న శాతవాహనుల సీసపు నాణెం, సముద్రగుప్తుని బంగారు నాణెం, తూర్పు చాళుక్యుడైన కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణేలు దొరికాయి. సముద్రగుప్తుడు 4వ శతాబ్దం వాడు, విష్ణువర్ధనుడు 7వ శతాబ్దం వాడు. అంటే ఈ కొండకు శతాబ్దాల తరబడి జనం వచ్చిపోతూనే ఉన్నారన్నమాట. ఊరి పేరు కూడా సాక్ష్యమే. శంకరం అన్నది సంఘారామం అన్న మాట నుండి వచ్చిందని పండితులు చెబుతారు. సంఘారామమంటే భిక్షువులు నివసించే చోటు.

"భిక్షువులకు పొలాల మధ్య ఏం పని? అడవిలో ఉండాలి కదా!" అన్నాడొకడు. దీనికి జవాబు వ్యవసాయంలోనే ఉంది. భిక్షువు సేద్యం చేయడు, భిక్ష మీద బతుకుతాడు. అందుచేత ఊరికి మరీ దూరం కారాదు, మరీ దగ్గరా కారాదు. వానాకాలంలో భిక్షువులు తిరుగుతూ పచ్చని పైరు తొక్కేస్తున్నారని జనం ఫిర్యాదు చేస్తే, బుద్ధుడు మూడు నెలలు ఒకేచోట ఉండమని వర్షావాసం నియమం పెట్టాడని వినయపిటకం చెబుతుంది. ఊడ్పుల వేళ గట్టు మీద పరాయివాడు నడిస్తే మా నాయన వేసే కేకలు గుర్తొచ్చి, ఆ ఫిర్యాదు ఎంత సహజమో నాకు బోధపడింది.

అయితే వాదన అక్కడితో ముగియలేదు. ఇన్ని చిన్న స్తూపాలు ఎందుకు? మహారాష్ట్రలోని భాజా గుహల దగ్గర ఇలాంటి స్తూపాల మీద భిక్షువుల పేర్లు చెక్కి ఉన్నాయి, అవి మరణించినవారి గుర్తులు. ఇక్కడివీ అంతేనని ఇద్దరన్నారు. మొక్కుబడిగా భక్తులు చేయించినవని మిగతావారు. నాకు రెండో మాటే సబబనిపించింది. కళ్ళంలో ఎవరి పంటను బట్టి వారి కుప్ప ఉన్నట్టు, ఎవరి స్తోమతను బట్టి వారి స్తూపం ఉన్నట్టుంది. "భిక్షువుల్లో మాత్రం పెద్దా చిన్నా ఉండరా?" అని అవతలివాళ్లు తిప్పికొట్టారు. అదీ కాదనలేను. ఇంగ్లండులో మనుషులు పోసిన సిల్‌బరీ కొండను 1776 నుండి పలుమార్లు తొలిచి చూశారు. సమాధి దొరకలేదు, ఎందుకు పోశారో నేటికీ తేలలేదు. కాబట్టి మా వాదన ఒక పూటలో తేలలేదని చింత లేదు.

ఇదంతా కాలక్షేపం కాదు. ఒక దిబ్బ దేనికోసమో తెలియకపోతే అది మిగలదు. అమరావతి స్తూపాన్ని దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివర రాళ్ల కోసం దాన్ని తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ చూసేసరికే నష్టం మొదలైంది. చెక్కిన పలకలు కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. మన బొజ్జన్నకొండ దగ్గర కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్లవారు చేరి, బొజ్జ ఉన్న విగ్రహాన్ని రాక్షసుడనుకొని రాళ్లూ పేడా విసిరే ఆచారం ఏళ్ల తరబడి సాగింది. వారిలో దుర్మార్గం లేదు. వారికి చేరిన పరికల్పన అది, పరీక్షించి చూపినవాళ్లు వారి దగ్గరకు వెళ్లలేదు. తర్వాత వారసత్వ పరిరక్షణ కోరేవారు వెళ్లి నచ్చజెప్పవలసి వచ్చింది.

మనలో చాలామందిమి పల్లెల నుండి వచ్చినవాళ్లం. పొలంలో దిబ్బ అంటే ట్రాక్టరుకు అడ్డం, చదును చేయాలి అనే చూస్తాం. ఇకమీదట చదును చేసేముందు ఒక్కసారి ఆగుదాం. నేటి ఇటుక కంటే బాగా పెద్ద ఇటుక, కుండపెంకుల పొర, పాత నాణెం కనబడితే పలుగు పక్కనపెట్టి, ఫోటో తీసి, పురావస్తు శాఖకు కబురు చేద్దాం. కొండమీది స్తూపానికి రక్షిత కట్టడమని బోర్డు ఉంది. మన చేలల్లోని దిబ్బలకు ఆ బోర్డు లేదు, వాటికి మనమే దిక్కు.