రోడ్ సైకిల్‌పై టూల్స్ ఎలా తీసుకెళ్లాలి? తిరుపతి–చిత్తూరు రోడ్డు నేర్పిన నాలుగు పాఠాలు

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఒక చిన్న సంచి గురించి చూద్దాం. రోడ్ సైకిల్ అంటే సన్నటి టైర్లు, వంపు హ్యాండిల్ ఉండే స్పీడ్ సైకిల్. దాని సీటు కింద కట్టుకునే సంచే శాడిల్ బ్యాగ్. అందులో ఏం పెట్టుకోవాలో చెప్పే లిస్టులు నెట్‌లో బోలెడున్నాయి. అన్నీ పెట్టుకున్నాక కూడా ఎందుకు ఇరుక్కుంటామో చెప్పేవి తక్కువ. నేను ఇరుక్కున్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా.

ఒక ఆదివారం పొద్దున ఐదింటికి తిరుపతి నుంచి కాణిపాకం బయల్దేరాను. ఒకవైపు సుమారు 70 కిలోమీటర్లు. పదకొండుకల్లా ఇంట్లో ఉంటానని నాయనతో చెప్పాను. చంద్రగిరి దాటి, దామలచెరువు కూడా దాటాక వెనక టైరు మెత్తబడింది. తీసి చూస్తే పల్లేరు కాయ. కంగారేం లేదు, స్పేర్ ట్యూబ్ ఉంది, గాలికి సీఓ2 క్యాట్రిడ్జ్ ఉంది. ట్యూబ్ మార్చి క్యాట్రిడ్జ్ తిప్పాను. గాలి ఎంత వేగంగా ఎక్కిందో అంతే వేగంగా బుస్సుమని దిగిపోయింది. కొత్త ట్యూబ్‌కే చిల్లు ఉంది!

సైకిల్ తోసుకుంటూ పంక్చర్ షాపు దాకా నడిచాను. ఆయన ప్యాచ్ చక్కగా వేశాడు. గాలి పట్టబోయి ఆగిపోయాడు. "సామీ, ఈ వాల్వు మా పైపుకు పట్టదే" అన్నాడు. ఇంటికి చెబుదామంటే, మ్యాప్, పాటలు, రైడ్ రికార్డింగ్ అన్నీ కలిసి ఫోన్‌ను ఎప్పుడో ఆర్పేశాయి. ఆయన తన ఫోన్ ఇచ్చాడు. నాయన నంబరు నాకు నోటికి రాదు.

చివరికి ట్రాలీ ఆటోలో సైకిల్ వేసుకుని ఇల్లు చేరేసరికి రెండు దాటింది. ఇంటికి తాళం. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి ఆన్ చేస్తే వరసగా మిస్డ్ కాల్స్. ఫోన్ చేస్తే తెలిసింది, నాయన మోపెడ్ వేసుకుని ఎండలో నన్ను వెతుక్కుంటూ దామలచెరువు దాకా పోయాడని. దారి పొడవునా రోడ్డు పక్క గుంతల్లోకి చూసుకుంటూ పోయాడట.

ఇప్పుడు ఆ రోజు జరిగిన తప్పులు ఒక్కొక్కటిగా చూద్దాం.

1. స్పేర్ ట్యూబ్‌ను విడిగా చుట్టాలి

ట్యూబ్‌ను, మల్టీటూల్‌ను ఒకే సంచిలో పక్కపక్కన పడేశాను. ప్రతి గతుకుకీ మల్టీటూల్ అంచు ట్యూబ్‌ను రాస్తూనే ఉంటుంది. నెలల తరబడి అలా రాసుకుంటే రబ్బరు అరిగి చిల్లు పడుతుంది. ట్యూబ్‌ను పాత సాక్సులో పెట్టి, దాన్ని జిప్ కవర్లో వేయండి. ఆ సాక్సే చైన్ ముట్టుకునేటప్పుడు గ్లవ్‌గా కూడా పనికొస్తుంది. ట్యూబ్ సైజు, వాల్వ్ పొడవు మీ రిమ్‌కు సరిపోవాలి. రిమ్ లోతు 50 మిల్లీమీటర్లుంటే పొట్టి వాల్వ్ బయటికే రాదు.

ఇంకో మాట. కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపలివైపు వేలితో మెల్లగా చుట్టూ తడమండి. మన రోడ్ల అంచుల్లో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు, పేలిన లారీ టైర్ల నుంచి ఊడిన సన్నటి ఉక్కు తీగలు ఉంటాయి. తీగ ముక్క టైరులోనే మిగిలితే రెండో ట్యూబ్ కూడా పోతుంది. వేలికి దొరకని తీగను లాగడానికి చిన్న ట్వీజర్ పెట్టుకోండి.

2. గాలికి ఒకే దారి పెట్టుకోవద్దు

మూడు రకాల ఆప్షన్లున్నాయి.

- సీఓ2 క్యాట్రిడ్జ్: 16 గ్రాముల గ్యాస్ ఉన్నది ఒక సన్నటి టైరును క్షణాల్లో నింపుతుంది. కానీ ఒక్కటే ఛాన్స్. పైగా ఈ గ్యాస్ రబ్బరులోంచి మామూలు గాలికన్నా త్వరగా కారిపోతుంది. ఇంటికొచ్చాక దాన్ని వదిలేసి మామూలు గాలి పట్టాలి.
- చేతి మినీ పంపు: చేతులు నొప్పి పుడతాయి, టైమ్ పడుతుంది. కానీ అయిపోవడం అంటూ ఉండదు. బాటిల్ కేజ్ పక్కనే బిగించుకోవచ్చు.
- ఎలక్ట్రిక్ పంపు: కారుకీ పనికొచ్చే పెద్ద మోడళ్లు అరకిలో దాకా తూగుతాయి. జేబులో పట్టే చిన్నవీ వచ్చాయి. కొనేముందు గరిష్ఠ పీఎస్ఐ ఒక్కటే చూడకండి, ఒక్క ఛార్జ్‌తో మీ సైజు టైర్లు ఎన్ని నింపుతుందో చూడండి.

నా ఓటు చేతి పంపుకే. తొందర కోసం మిగతా రెండింట్లో ఒకటి అదనంగా పెట్టుకోండి, పంపు బదులుగా మాత్రం వద్దు.

3. గాలి బిళ్ళ

రోడ్ సైకిళ్లకు ఎక్కువగా ప్రెస్టా అనే సన్నటి వాల్వ్ ఉంటుంది. మోటార్ బైకులు, కార్లు, లారీలకు ఉండేది ష్రేడర్ వాల్వ్. మన పంక్చర్ షాపులు, పెట్రోల్ బంకుల పైపులన్నీ దానికే సరిపోతాయి. ఈ రెంటినీ కలిపే చిన్న ఇత్తడి అడాప్టర్ వంద రూపాయల లోపే దొరుకుతుంది, బరువు లెక్కలోకే రాదు. దాన్ని వాల్వ్ మీద బిగించేముందు ప్రెస్టా కొనలోని చిన్న నట్టును వదులు చేయాలి. లేకపోతే గాలి లోపలికి పోదు.

700×25 టైరుకు సాధారణంగా 80 నుంచి 100 పీఎస్ఐ దాకా పడతారు. కారు టైరుకు 30–35 చాలు. కాబట్టి కార్లకు పెట్టిన సెట్టింగ్‌తోనే పట్టించుకుంటే టైరు మెత్తగానే ఉంటుంది. లారీలకు పట్టే కంప్రెసర్‌కైతే శక్తి ఎక్కువ, మన ట్యూబ్ చాలా చిన్నది. ఒక్కసారిగా కాకుండా ఆపి ఆపి పట్టమని చెప్పండి.

4. ఫోన్ కూడా టూలే

రైడ్ రికార్డ్ చేయడానికి స్క్రీన్ ఆన్‌లో ఉండక్కర్లేదు. ఎక్కువ ఛార్జ్ తినేది హ్యాండిల్ మీద వెలుగుతూ ఉండే మ్యాప్. భాకరాపేట ఘాట్ లాంటి చోట్ల సిగ్నల్ బలహీనమైతే టవర్ కోసం వెతుకుతూ ఫోన్ ఇంకా తింటుంది. అలాంటి చోట ఫ్లైట్ మోడ్ పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది. లాంగ్ రైడ్‌కు 5000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ చాలు. లైట్లు, సైకిల్ కంప్యూటర్, ఫోన్ అన్నీ టైప్-సీ అయితే ఒకే కేబుల్‌తో పని జరుగుతుంది.

బయల్దేరేముందు ఇంట్లోవాళ్ళకి లైవ్ లొకేషన్ షేర్ చేయండి. ఇంటి నంబరు, బ్లడ్ గ్రూప్ కాగితం మీద రాసి, 200 రూపాయల నోటుతో కలిపి జిప్ కవర్లో పెట్టండి. 112, 108 నంబర్లు అందరికీ గుర్తుంటాయి. నాయన నంబరే గుర్తుండదు.

ఏది ఎక్కడ పెట్టాలి?

రూల్ సింపుల్: అరుదుగా వాడేవి వెనక, తరచూ వాడేవి ముందు, ఒంటికి గుచ్చుకునేవి జేబులో వద్దు.

- శాడిల్ బ్యాగ్: ట్యూబ్, రెండు టైర్ లీవర్లు, చైన్ బ్రేకర్ ఉన్న మల్టీటూల్, మీ చైన్ స్పీడ్‌కు సరిపోయే క్విక్ లింక్, ప్యాచ్ కిట్, అడాప్టర్, ట్వీజర్. అర లీటరు బ్యాగ్ చాలు. స్ట్రాప్ బిగించి, గుడ్డ ముక్క కుక్కితే గలగల చప్పుడు ఉండదు.
- టాప్ ట్యూబ్ బ్యాగ్: పవర్ బ్యాంక్, కేబుల్, తినడానికి వేరుశనగ చిక్కీ.
- వీపు జేబు: ఫోన్, కాగితం, డబ్బు.

కొందరు రెండో బాటిల్ కేజ్‌లో టూల్ బాటిల్ పెడతారు. చలిదేశాల్లో బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన దగ్గర ఆ కేజ్ నీళ్ళకే వదిలేయండి. ఆ వేడికి జిగురు లేని స్టిక్కర్ ప్యాచ్‌లు కూడా ఊడిపోవచ్చు, సొల్యూషన్ ట్యూబ్ ఉన్న కిట్ మేలు. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ కొన్నాళ్లకు ఎండిపోతుందని మర్చిపోకండి.

అసలు పరీక్ష ఇంట్లోనే

1913 టూర్ డి ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ అనే రైడర్ సైకిల్ ఫోర్క్ కొండల్లో విరిగింది. బయటివాళ్ళ సాయం తీసుకోకూడదని రూల్. సైకిల్ మోసుకుంటూ ఊళ్ళోని కమ్మరి కొలిమి దాకా నడిచి, తనే అతికించుకున్నాడు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక పిల్లవాడు సాయం చేశాడని దానికీ పెనాల్టీ వేశారు. ఇప్పటి బ్రెవెట్లలోనూ ఆ స్ఫూర్తి ఉంది. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి, మన సైకిల్ రిపేరు మనమే చూసుకోవాలి.

ఆఫీసులో మేం సర్వర్‌కు బ్యాకప్ పెడతాం. దాన్ని ఒక్కసారైనా రీస్టోర్ చేసి చూడకపోతే అది ఉన్నా లేనట్టే. స్పేర్ ట్యూబ్ కూడా అంతే. మూడు నెలలకోసారి సంచిలో ఉన్నవాటితోనే, ఇంట్లోని పెద్ద పంపు ముట్టుకోకుండా, వెనక చక్రం ట్యూబ్ మార్చి చూడండి. ఏది లేదో, ఏది పాడైందో ఇంటి వాకిట్లోనే తెలిసిపోతుంది.

ఆ రోజు నాయన మూడు దాటాక వచ్చాడు. తిట్టలేదు. చెంబెడు నీళ్ళు తాగి, జరిగిందంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ గాలి బిళ్ళ ఎంతవుతుంది?"

"నూరు రూపాయలు కూడా కాదు నాయనా."

"రెండు కొను" అన్నాడు.

రెండు కొన్నాను. ఒకటి శాడిల్ బ్యాగ్‌లో ఉంది. ఇంకొకటి నాయన తన మోపెడ్ తాళాల గుత్తికి తగిలించుకున్నాడు.