ఎగతాళి పేర్లు - మన పిల్లల పాఠం

వేసవి సెలవుల్లో మక్తబ్‌కు వచ్చిన బడిపిల్లలను ఒకరోజు అడిగాము: బడిలో మిమ్మల్ని ఎవరైనా ఏదైనా పేరు పెట్టి బాధించారా అని. చేతులన్నీ లేచాయి. 'తురకోడు' అన్నారని ఒకరు, క్రికెట్ మ్యాచ్ జరిగిన మర్నాడు 'పాకిస్తానోడు' అన్నారని మరొకరు చెప్పారు. అన్నీ బోర్డు మీద రాశాము. ఎవరో ఒకరిని చూసి అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని పిల్లలే తేల్చారు. పాఠం తేలిగ్గా సాగిందని సంతోషపడ్డాము.

"మరి మీరు ఎవరిని ఏమని పిలుస్తారు?" అన్నాము. ఎవరూ నోరు విప్పలేదు. చివరి వరుసలోని ఒక అబ్బాయి వైపు చూసి ఇద్దరు నవ్వారు. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు. తోటి పిల్లలు అతన్ని పేరు పెట్టి పిలవరు, 'దూదేకులోడు' అంటారు. ఉర్దూ రాదు గనుక దీన్ కూడా రాదని వారి లెక్క. నిజం ఒప్పుకోవాలి, ఉర్దూ చదవగలిగే పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టింది మేమే.

అసలు ఆ పేరులో అవమానం ఏముంది? విల్లుతో దూది ఏకి, పరుపులు కుట్టి, హలాల్ సంపాదనతో బ్రతికిన వారి పేరు అది. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా పేర్లు వెనుకబడిన తరగతుల జాబితాలో బి గ్రూపులో ఒకేచోట ఉంటాయి. అరబీలో దూది ఏకేవాణ్ణి 'నద్దాఫ్' అంటారు. హనఫీ ఫిఖహ్ పండితుల్లో ఇమామ్ ఖస్సాఫ్ పేరుకు చెప్పులు కుట్టేవాడని, ఇమామ్ జస్సాస్ పేరుకు గచ్చుపని చేసేవాడని అర్థం. ఆ పేర్లను మదరసాల్లో ఎంతో గౌరవంగా పలుకుతాము. అలాంటి అర్థమే ఉన్న తెలుగు మాట వింటే మాత్రం ముక్కు ముడుస్తాము!

పరస్పరం ఎగతాళి చేసుకోవడాన్ని, చెడ్డ పేర్లతో పిలుచుకోవడాన్ని దివ్య ఖుర్ఆన్ (49:11) వారించింది. ఆ ఆదేశం బనూ సలిమా తెగ విషయంలో అవతరించిందని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చేనాటికి వారిలో ఒక్కొక్కరికి రెండు మూడు పేర్లుండేవి. ఆయన (స) ఒక పేరుతో పిలిస్తే, ఆ పేరంటే అతనికి కోపమని పక్కవారు చెప్పేవారు. ఇది విన్నాక పిల్లలు నవ్వలేదు.

తర్వాత హజ్రత్ అబూజర్ (రజి) సంఘటన చెప్పాము. ఆయన ఒక వ్యక్తిని తల్లి పేరెత్తి దెప్పిపొడిచారు. నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం ఉందని దైవప్రవక్త (స) ఆయన్ను మందలించారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని ప్రసంగాల్లో వింటాము గాని, బుఖారీ ఉల్లేఖనంలో పేరు లేదు. అందులో ఉన్నది అంతకన్నా విలువైనది. చాలాకాలం తర్వాత రబజా అనే చోట అబూజర్ (రజి)ను కలిసినవారు, ఆయన ఒంటి మీద, ఆయన సేవకుని ఒంటి మీద ఒకేరకం దుస్తులు చూశారు. ఎందుకని అడిగితేనే ఆయన తన తప్పును చెప్పుకున్నారు. అంతటి సహాబీ తన తప్పును దాచలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పెళ్ళి సంబంధాల ప్రస్తావన వచ్చినప్పుడు "వాళ్ళు మనవాళ్ళు కాదు, దూదేకులవాళ్ళు" అని ఇంట్లో అనుకుంటాం. పక్కన హోంవర్క్ చేసుకుంటున్న పిల్లవాడు అది వింటాడు. మక్తబ్‌లో మేము గంటసేపు చెప్పింది ఆ ఒక్క మాటతో పోతుంది.

మరునాడు ఆ అబ్బాయిని ముందు వరుసలోకి రమ్మంటే రానన్నాడు. అలవాటైన చోటే బాగుందట. బలవంతం చేయలేదు. వరుసలు తీసేసి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాము.