ఈగలకు ఓనరు లేడు, గొట్టానికి ఉన్నాడు

ప్రశ్న: సార్, మేం అనంతపురం పాతూరులో అద్దెకుంటాం. వంటింటి పొగగొట్టంలో ఉగాదికి ముందు నుంచి తేనెటీగలు పట్టినాయి. గ్యాసు వచ్చినాక కట్టెల పొయ్యి ముట్టించేది లేదు కాబట్టి మేమూ పైకి చూసుకోలేదు. ఇప్పుడు సాయంత్రం లైటు వేస్తే చాలు, కిందికి దిగి అన్నం గిన్నె చుట్టూ తిరుగుతున్నాయి. ఓనరును అడిగితే "కింద ఇంత మంట పెట్టమ్మా, అవే పోతాయి" అంటాడు. పక్కింటామె తన బిడ్డను కుట్టినాయని మా మీద కేసు పెడతానంటోంది. తప్పు ఎవరిది?

జవాబు: అమ్మా, ముందు ఆ మంట మాట మరిచిపోండి. గొట్టం కింద మంట పెడితే ఈగలన్నీ పై నుంచే పోవు, సగం మీ వంటింట్లోకి దిగుతాయి. మైనం కరిగి కారుతుంది, మసితో కలిసి అంటుకుంటుంది. చట్టం సంగతి ఆ తర్వాత.

ఇంతకీ అవి గొట్టంలోకి ఎందుకొచ్చాయంటే, అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర. తొర్ర ఉన్న పెద్ద చెట్టు ఊళ్లో దొరకడమే అరుదు. పాత మట్టి మిద్దెల గవాక్షి అయినా, డాబా ఇంటి సిమెంటు గొట్టమైనా, పొగ రావడం మానేసిందంటే తేనెటీగకు అది తొర్రే. చీకటిగా, వెచ్చగా, వానకు తడవకుండా ఉంటుంది. ఎండాకాలంలో పక్కనే నీళ్ల డ్రమ్ము ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. ఇలా గొట్టాల్లో చేరేవి ఎక్కువగా పుట్టల్లో, తొర్రల్లో ఉండే రకం. ట్యాంకుల కింద, సన్‌షేడ్‌లకు ఒకే పెద్ద పట్టు పెట్టేవి వేరు, అవి రేగితే ప్రాణాంతకం. ఒక్కోసారి వలస పోయే గుంపు పట్టు పెట్టకుండా గోడకు ముద్దలా వేలాడుతుంది. దాన్ని కదిలించకపోతే కొద్ది రోజుల్లో తనంతట తానే లేచిపోతుంది.

ఇక తప్పు ఎవరిదన్న ప్రశ్న. తనంతట వచ్చి చేరిన అడవి తేనెటీగకు యజమాని లేడు. రోమన్ల కాలం నుంచీ న్యాయం చెప్పేది ఇదే: నీ చెట్టుకు పట్టినంత మాత్రాన అవి నీవి కావు, పెట్టెలోకి ఎక్కించుకుంటేనే నీవి. జర్మనీ వాళ్లయితే లేచిపోయిన తేనెటీగల గుంపు ఎవరిదో తేల్చడానికే పౌరస్మృతిలో 961 నుంచి 964 దాకా నాలుగు సెక్షన్లు రాసుకున్నారు. మనకు అంత తీరిక చిక్కలేదు. కాబట్టి "మీ ఈగ మా బిడ్డను కుట్టింది" అన్న ఒక్క మాట మీద మీపై కేసు నిలబడదు. భారతీయ న్యాయ సంహిత 291 శిక్షించేది తన అధీనంలో ఉన్న జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉన్నవాణ్ని. ఈ ఈగలు మీ అధీనంలో లేవు.

అయితే అంతటితో మీరు చేతులు దులుపుకోవడానికి లేదు. ఈగకు ఓనరు లేకపోయినా గొట్టానికి ఉన్నాడు. ప్రమాదం తనంతట వచ్చినదే అయినా, ఉందని తెలిశాక, తీయించే వీలుండీ ఊరుకుంటే ఆ స్థలాన్ని చేతిలో ఉంచుకున్నవాళ్లు సివిల్ కోర్టులో జవాబు చెప్పాల్సి రావచ్చు. 1940లో ఇంగ్లండు ప్రభువుల సభ సెడ్లీ-డెన్‌ఫీల్డ్ కేసులో చెప్పిన సూత్రం ఇది. పక్కింటామె మీకు చెప్పింది, మీరు ఓనరుకు చెప్పారు. ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. అందుకే చెప్పినట్టు రుజువు ఉండాలి. గొట్టం ఫొటో తీసి, తేదీ వేసి, ఓనరుకు వాట్సాప్‌లో పెట్టండి. అదే విషయం కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఖర్చు ఎవరిదో తెలియాలంటే మీ పదకొండు నెలల అగ్రిమెంటు తీసి "రిపేర్లు" అన్న చోట చదవండి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108(ఎఫ్) ఏమంటుందంటే, తాను చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా ఓనరు తగిన సమయంలో చేయించకపోతే అద్దెదారు తానే చేయించి, ఆ డబ్బు వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ మరమ్మతు ఓనరు బాధ్యత అయి ఉండాలి. అగ్రిమెంటులో అన్ని రిపేర్లూ అద్దెదారువే అని రాసుంటే ఈ సెక్షన్ మీకు పనికిరాదు. ఏమీ రాయకపోతే, గొట్టం టోపీ పగిలి ఉంటే అది కట్టడం లోపమే గానీ మీ వాడకం వల్ల వచ్చింది కాదని గట్టిగా వాదించవచ్చు. అద్దె మొత్తం ఆపేయడం మాత్రం వద్దు. ఖాళీ చేయించడానికి ఓనరు చేతికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది.

సందులో బడి పిల్లలు, బాటసారులు కూడా దెబ్బతింటుంటే అప్పుడది ప్రజా ఉపద్రవం. ఆర్డీవోకు అర్జీ పెట్టండి. నాగరిక్ సురక్షా సంహిత 152 కింద దాన్ని తొలగించమని, లేదా ఎందుకు తొలగించనక్కర్లేదో వచ్చి చెప్పమని ఆయన ఉత్తర్వు ఇవ్వవచ్చు. మున్సిపల్ స్థలంలోని సమస్యకు "నిధుల్లేవు" అని ఎవరైనా అంటే 1980 నాటి రత్లాం మున్సిపాలిటీ కేసును గుర్తు చేయండి. ఆ సాకు చెల్లదని సుప్రీంకోర్టు అందులోనే తేల్చింది. మీ ఒక్క వంటింటి గొడవకు మాత్రం ఈ దారి కుదరదు.

అసలు కేసులు పుట్టేది తీయించేటప్పుడు. రాత్రిపూట డీజిల్ గుడ్డ అంటించి పట్టును కాల్చే మనిషిని పిలిచారనుకోండి. భారతీయ న్యాయ సంహితలో నిప్పుతో అజాగ్రత్తకు 287, విషమందుతో అజాగ్రత్తకు 286 ఉన్నాయి. రెండింటికీ ఆరు నెలల దాకా జైలు. రేగిన ఈగలు దారిన పోయేవాళ్ల ప్రాణం తీస్తే అజాగ్రత్త వల్ల మరణం కింద 106, అయిదేళ్ల దాకా. పిలిపించినవాళ్లనూ పోలీసులు అడగకుండా వదలరు. డైక్లోర్‌వాస్ మందు 2020 డిసెంబరు 31 తర్వాత దేశంలో పూర్తిగా నిషేధం. పాత సీసా అటక మీద ఉంటే దాన్ని దించకండి. పెస్ట్ కంట్రోలు వాళ్లకు క్రిమిసంహారక మందుల నిబంధనల కింద లైసెన్సు ఉండాలి. చూపించమని అడగండి, బిల్లు తీసుకోండి. పని చెడగొడితే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించింది అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు.

నా ఓటు మాత్రం తేనెటీగల పెంపకందారుకే. పట్టును కోసి పెట్టెలోకి మార్చుకునేవాళ్లు దొరుకుతారేమో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో వాకబు చేయండి. మన చీనీ తోటల పూతకూ ఆ ఈగలు కావాలి. పట్టు తీశాక గొట్టం లోపల మైనం, తేనె మిగలకుండా గీకించండి. ఆ వాసనకు మరో గుంపు వస్తుంది, ఈలోగా చీమలు వస్తాయి. తర్వాత టోపీ కింద 3 మిల్లీమీటర్ల కన్నాల ఇనుప జాలి బిగించండి. మళ్లీ పొయ్యి వాడితే జాలికి మసి పట్టకుండా దులుపుతుండాలి. కరెంటు చిమ్నీ గొట్టానికి దోమతెర కట్టేవాళ్లున్నారు. జిడ్డు పట్టి మూసుకుపోతుంది, వద్దు.

గొట్టంలో గుడ్లగూబో చిలకో గూడు పెడితే లెక్క వేరు. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 ప్రకారం పక్షి గుడ్లను, గూటిని పాడుచేయడమూ వేటే. పిల్లలు ఎగిరిపోయాకే జాలి వేయండి. నాగుపాము దూరితే అటవీ శాఖకు ఫోను చేయండి.

చివరగా, ఎవరికైనా ఎక్కువ ఈగలు కుట్టినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోను చేయండి. ఆస్పత్రి చీటీలో "తేనెటీగలు కుట్టడం వల్ల" అని రాయించడం మరవకండి. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తారు. పాముకాటు, చెట్టు మీంచి పడటం లాంటి వాటికి వెంటనే చూపించిన ఆస్పత్రి రికార్డే ఆధారమని ఆ పథకం చెబుతోంది. తేనెటీగల కేసునూ అదే దారిలో అడగాలి. దోమకాటు మలేరియా ప్రమాదం కాదని 2019లో సుప్రీంకోర్టు అన్నది నిజమే. అది మలేరియా ఊరూరా ఉన్న మొజాంబిక్‌లో జరిగిన మరణం. ఒక్కసారిగా మీదపడిన ఈగల గుంపుకు ఆ తీర్పు అతకదని నా అభిప్రాయం. బీమా కంపెనీ కాదంటే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోను చేయండి, లేదా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అగ్రిమెంటు, ఫొటోలు, స్పీడ్ పోస్టు రసీదు పట్టుకుని వెళ్లండి.