పాత కారుకు కొత్త బ్రేకులు

సైకిలు మీద పల్లంలోకి దిగేటప్పుడు బ్రేకు పడతారు కదా! సైకిలు ఆగుతుంది. మరి దాని గతిజశక్తి ఏమయింది? శక్తి నశించదని మీరు చదువుకున్నారు. బ్రేకు దగ్గర జరిగిన ఘర్షణ వల్ల అది ఉష్ణంగా మారింది. అరచేతులు రెండూ గట్టిగా రుద్ది చూడండి, సంగతి తెలుస్తుంది.

కార్ల డిస్కు బ్రేకు కూడా ఇలాంటిదే. చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప బిళ్ళ ఒకటి ఉంటుంది. అదే డిస్కు. పెడలు తొక్కగానే గొట్టాలలోని బ్రేకు ఆయిలు ఒత్తిడికి రెండు ప్యాడ్లు దానిని ఇరువైపుల నుంచి నొక్కుతాయి.

ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే ఇలాంటి బ్రేకుకు పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచాక దాని గొప్పతనం లోకానికి తెలిసింది.

ఇంగ్లండులోనే 1962 నుంచి 1980 వరకు ఎం.జి.బి. అనే చిన్న కారు తయారయింది. దానికి ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. ఈనాటికీ ఎందరో దానిని ముచ్చటపడి నడుపుతున్నారు. అలాంటి కారుకు కొత్త డిస్కులు, ప్యాడ్లు కావలసివస్తే ఎలా ఎంచుకోవాలి?

ముందు చిన్న లెక్క

కారు, మనుషులు కలిసి 1,000 కిలోలు అనుకుందాం. వేగం గంటకు 90 కిలోమీటర్లు, అంటే సెకనుకు 25 మీటర్లు. గతిజశక్తి 3,12,500 జౌళ్ళు. లీటరు నీళ్ళను 25 డిగ్రీల నుంచి ఇంచుమించు మరిగేదాకా కాచడానికి ఇంత వేడి చాలు! కారును ఒక్కసారి ఆపితే పుట్టే వేడి ఇది.

బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. అందువల్ల ముందు డిస్కులకే ఎక్కువ పని. పది వంతులలో ఏడు వంతుల వేడి వాటిదనుకుందాం. రెండూ కలిసి 8 కిలోలుంటే ఒక్క దెబ్బకు దాదాపు 60 డిగ్రీలు వేడెక్కుతాయి. బరువు సగమే అయితే 120 డిగ్రీలు! కొండదారిలో చల్లారే వ్యవధి లేకుండా మాటిమాటికీ బ్రేకు వేస్తే ఏమవుతుందో ఊహించండి. ప్యాడ్ల పట్టు సడలుతుంది. వేడి బ్రేకు ఆయిలుకు చేరి అది మరిగితే బుడగలు పుడతాయి. బుడగలు నొక్కితే కుంచించుకుపోతాయి. పెడలు అడుగుకంటా దిగినా కారు ఆగదు!

డిస్కు సంగతి

కాబట్టి డిస్కులో తగినంత ఇనుము ఉండాలి. అరిగి, తయారీదారు చెప్పిన కనీస మందానికి చేరిన డిస్కును మార్చవలసిందే. చిల్లులు పెట్టిన డిస్కులు చూపుకు బాగుంటాయి. కాని చిల్లు పడినచోట ఇనుము తగ్గుతుంది, అక్కడే పగుళ్ళు మొదలుకావచ్చు. నడుమ గాలి ఆడే డిస్కులు త్వరగా చల్లారుతాయి. అయితే అవి మందం. ఎం.జి.బి.కి ఉన్నవి సన్నని డిస్కులు. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్లను కూడా మారిస్తేనే మందపు డిస్కులు పడతాయి. మామూలు రోడ్డుకు అసలు కొలతలతో వచ్చే మంచి డిస్కులే చాలు.

ప్యాడ్ల సంగతి

పందెపు కార్ల ప్యాడ్లు ఇంకా మంచివి కావా? కావు! వాటిలో చాలావరకు బాగా వేడెక్కాకే గట్టిగా పడతాయి. ఉదయం ఇంటి నుంచి బయలుదేరి మొదటి మలుపు దగ్గర బ్రేకు వేస్తే, చల్లగా ఉన్న ఆ ప్యాడ్లు జారతాయి. పైగా తొలినాటి ఎం.జి.బి.లలో చాలావాటికి పెడలు బలాన్ని పెంచే సర్వో లేదు. కాలి బలమే ఆధారం. చల్లగా ఉన్నా పట్టే రోడ్డు ప్యాడ్లే దానికి తగినవి.

ఒక్క హెచ్చరిక. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు ఎంతో హాని చేస్తుంది. పాత బ్రేకు దుమ్మును ఎన్నడూ ఊదకూడదు.

ప్యాడ్లను కుడి ఎడమలకు ఒకేసారి మార్చాలి. లేకపోతే కారు ఒక పక్కకు లాగుతుంది. మొదట్లో కొన్నిసార్లు మెల్లగా బ్రేకు వేస్తూ నడిపితే ప్యాడ్లు, డిస్కులు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి.

ఇక మీకో లెక్క. అదే కారు గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగితే ఎన్ని జౌళ్ళ వేడి పుడుతుంది? జాగ్రత్త, జవాబు సగం కాదు సుమా!