విద్యాలయమున సంస్థాపకుని తొలి అడుగు

పట్టము పుచ్చుకొనిన పిమ్మట ఒకరి కొలువున చేరుటయా, పదిమందికి కొలువిచ్చు సంస్థను తామే నెలకొల్పుటయా అని తర్కించుకొను విద్యార్థులు, ఆ రెండవ కోరికను విశ్వవిద్యాలయము ఎట్లు పెంపొందింపగలదో తెలిసికొనదలచినచో, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమున విద్యుత్ ఇంజనీరింగు బోధించిన ఫ్రెడరిక్ టెర్మన్ అను ఆచార్యుని చరిత్రను తప్పక చదువవలెను.

ఆర్థిక మాంద్యముచే అమెరికా కుంగియున్న 1930వ దశకమున టెర్మన్ తన శిష్యులను వెంటబెట్టుకొని, సమీపమున నున్న చిన్న చిన్న రేడియో పరికరముల కర్మాగారములకు తీసికొనిపోయి, వానిని స్థాపించినవారు ఎట్లు పనిచేయుచుండిరో కన్నులార చూపెడివాడు. ఆ శిష్యులలో ఒకడగు డేవిడ్ ప్యాకర్డ్ చదువు ముగించి, ఎక్కడో దేశపు తూర్పుభాగమున స్కెనెక్టడీ నగరములోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఉద్యోగియై యుండగా, 1938లో ఆయనకు ఫెలోషిప్ సమకూర్చి వెనుకకు రప్పించినవాడును, సహాధ్యాయియైన విలియం హ్యూలెట్ సిద్ధాంతవ్యాసమునకై నిర్మించిన, ధ్వనిసంకేతములను పుట్టించు ఆడియో ఆసిలేటరును విపణికి తెండని ప్రోత్సహించినవాడును ఆ గురువే. మరుసటి సంవత్సరము ఆ మిత్రులిరువురు పాలో ఆల్టోలోని ఒక కారు షెడ్డులో 538 డాలర్ల మూలధనముతో హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థను ఆరంభించిరి. 'ఫాంటసియా' చలనచిత్రపు ధ్వనికొరకు ఆ మిత్రుల ఆసిలేటర్లను ఎనిమిదింటిని వాల్ట్ డిస్నీ స్టూడియో కొనెను. స్థిరమైన ఉద్యోగమునుండి శిష్యుని పిలుచుటకు సాహసించుటయే కాక, వచ్చినవానికి కొంత జీవనాధారమును గూడ చూపిన ఆ బాధ్యత ఈ వృత్తాంతమున నాకు మిక్కిలి పూజ్యముగా తోచును.

మన చెంత మద్రాసు ఐఐటీలో చదివిన మిత్రులిద్దరు 2013లో విద్యుత్ స్కూటర్ల సంస్థయగు ఏథర్ ఎనర్జీని స్థాపించినపుడు ఆ విద్యాలయపు ఇంక్యుబేషన్ కేంద్రమే ఆశ్రయమిచ్చెను. 2015 నవంబరున నూతన సంస్థలకు ఆశ్రయమిచ్చు టీ-హబ్ తొలుత వెలసినదియు హైదరాబాదు గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ప్రాంగణముననే.

కావున కళాశాలను ఎన్నుకొనువారు ప్లేస్‌మెంట్ల పట్టికతో తృప్తి చెందక, తరగతులు ముగిసిన పిదప వర్క్‌షాపు తలుపులు తెరచియుండునా, అధ్యాపకులకు పరిశ్రమలతో నిత్యసంబంధము కలదా, పూర్వవిద్యార్థులు వచ్చి తమకు వచ్చిన నష్టములనుగూడ దాపరికము లేక చెప్పుదురా అని సీనియర్లను విచారింపవలెను. సంస్థ పెట్టదలచిన విద్యార్థికి ఒక సెమిస్టరో, ఒక సంవత్సరమో చదువునుండి విరామమిచ్చు వెసులుబాటును 2019 నాటి కేంద్రప్రభుత్వపు విద్యార్థి-అధ్యాపక స్టార్టప్ విధానము సూచించుచున్నది. ఆ కళాశాల దానిని అమలుచేయుచున్నదో లేదో రుసుము చెల్లింపకముందే అడుగుడు.

ఇట్టి సదుపాయములు లేనిచోట ఇదివరకే చేరినవారు నిరాశపడవలదు. ఒక సెలవుదినమున బెజవాడ ఆటోనగరుననో, హైదరాబాదు బాలానగరుననో ఏదేని చిన్న కర్మాగారమునకు పోయి, యజమాని అనుమతితో యంత్రము ప్రక్కన నిలిచి, ముడిసరకు ధర యెంత, అప్పుపై వడ్డీ యెంత, బాకీలు వసూలగుటకు ఎన్నినాళ్లు పట్టునని వినయముగా అడిగి తెలిసికొనుడు.