గూగుల్‌లో మన పేజీ ఎందుకు కనిపించడం లేదు?

ప్రియమైన పేరెంట్స్,

పోయిన టర్మ్‌లో మా ఎనిమిదో తరగతి పిల్లలు కొండపల్లి బొమ్మల మీద ఐదు పేజీల వెబ్‌సైట్ తయారుచేశారు. నెల తర్వాత ఒక పాప వచ్చి, "మేడమ్, గూగుల్‌లో ఎంత వెతికినా మా సైట్ రావట్లేదు" అంది. ఆ ప్రశ్నే మాకు పాఠమైంది.

సెర్చ్ ఇంజిన్ పేజీలను క్రాలర్ అనే ప్రోగ్రామ్‌తో చదివిస్తుంది. గూగుల్ క్రాలర్ పేరు గూగుల్‌బాట్. అది లింకులు పట్టుకుని ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్తుంది. చదివినవి ఇండెక్స్‌లో చేరతాయి. మనకు జవాబులు వచ్చేది ఆ ఇండెక్స్ నుంచే.

పిల్లలు తమ సైట్‌లో తామే మూడు లోపాలు పట్టుకున్నారు.

1. దారి లేదు: రెండు పేజీలకు ఎక్కడి నుంచీ లింకు లేదు. హోమ్ పేజీలో లింకులు ఇచ్చాం. అన్ని పేజీల అడ్రసులతో సైట్‌మ్యాప్ తయారుచేసి, సెర్చ్ కన్సోల్ ద్వారా గూగుల్‌కు పంపాం.

2. పేరు లేదు: ఐదు పేజీల టైటిల్ కూడా 'హోమ్' అనే ఉంది. ఇప్పుడు ఒక పేజీ టైటిల్ 'కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి కర్ర ఎందుకు వాడతారు?'

3. అక్షరాలు లేవు: సమాచారమంతా చార్టుల ఫోటోలే. దాన్ని టైప్ చేసి, ప్రతి ఫోటోకూ ఆల్ట్ టెక్స్ట్ రాశారు. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కూ ఇది ఉపయోగమే.

ఇవన్నీ చేసినా ఇండెక్స్‌లో చేరతామని గ్యారంటీ లేదు. మాకు రెండు వారాలు పట్టింది.

అయితే అందరికీ కనిపించడం అన్నిసార్లూ మంచిది కాదు. ఒక పేజీలో పిల్లల ఫోటోల కింద మీ ఫోన్ నంబర్లు ఉన్నాయి! "రోబోట్స్ ఫైల్‌లో రావద్దని రాస్తే చాలు కదా మేడమ్" అన్నాడు ఒక బాబు. చాలదు. 1994 నుంచి వాడుకలో ఉన్న ఆ ఫైల్ గేటుకు కట్టిన బోర్డు లాంటిది, తాళం కాదు. మంచి క్రాలర్లు దాన్ని పాటిస్తాయి, కొన్ని పాటించవు. పైగా ఆ ఫైల్ అడ్రసు తెలిస్తే ఎవరైనా తెరిచి చదవొచ్చు. అందుకే నంబర్లు, ఫోటోలు తీసేశాం.

ఇంట్లో చేయండి: మీ పాప లేదా బాబు రాసిన ఏదైనా పేరాగ్రాఫ్‌కు, చదవకముందే విషయం తెలిసేలా ఒక టైటిల్ పెట్టించండి. తర్వాత ఇద్దరూ కలిసి మీ ఫోన్ నంబర్‌ను గూగుల్‌లో వెతికి చూడండి.

మీ
ఇంగ్లీష్ టీచర్