పదెకరాలున్నా అబ్బాయికి నీరసమెందుకు?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అబ్బాయి ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఊళ్లో మాకు పదెకరాల పొలం, సొంతిల్లు ఉన్నాయి. వాడు మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా ఒళ్లు నొప్పులు, నీరసం అంటాడు. ఇక్కడున్నన్నాళ్లూ తలనొప్పి కూడా ఎరగడు. కలిగినింటి పిల్లాడికి ఇదేం తిప్పలు?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ పొలం ఖమ్మంలో ఉంది, మీవాడి అద్దె పౌండ్లలో ఉంది. ఇంటి ఆస్తిని బట్టి చూస్తే విద్యార్థి పరిస్థితి సగమే తెలుస్తుంది. నెలాఖరుకు చేతిలో ఏం మిగులుతోందో, రోజుకు ఎన్ని పూటలు వండుకుంటున్నాడో అడగండి. అప్పు చేసి పంపారా? అయితే ఆ వాయిదాల దిగులు మీకంటే వాడికే ఎక్కువుంటుంది.

అక్కడ క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ కాస్త పనీ మనవాళ్లకు తరచు గోదాముల్లో రాత్రి షిఫ్టుగానే దొరుకుతుంది. రాత్రంతా పెట్టెలు మోసి, పొద్దున క్లాసుకెళ్లి, మధ్యాహ్నం పడుకుంటే, చలికాలంలో నాలుగింటికే చీకటి పడే ఊళ్లో ఇక ఎండ మొహం చూసేదెప్పుడు? అక్టోబరు నుంచి మార్చి దాకా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకునే విషయం చూడమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ అందరికీ చెబుతుంది. మనలాంటి ఒంటిరంగు వాళ్లకైతే ఏడాది పొడవునా. మీవాడి నొప్పులకు అదొక కారణం కావచ్చు. అదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను, పరీక్ష చేయించుకోవాలి.

వీసాతో పాటే ఆరోగ్య సర్‌చార్జి కట్టి ఉంటారు. 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థులకు అది ఏడాదికి 776 పౌండ్లు. కాబట్టి దగ్గర్లోని జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకుంటే చూపించుకోవడానికి మళ్లీ ఫీజు ఉండదు. మందుల చీటీకీ, పంటి వైద్యానికీ మాత్రం ఇంగ్లండులో విడిగా అవుతుంది. అంత డబ్బు కట్టి కూడా, అమ్మ సూట్‌కేసులో సర్దిచ్చిన మాత్రలతోనే సరిపెట్టుకునే పిల్లలు బోలెడుమంది. ఈ వారమే పేరు రాయించుకోమనండి.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం మా యూనివర్సిటీలో సర్వే చేశాను. తల్లిదండ్రుల ఆదాయానికీ విద్యార్థుల ఆరోగ్యానికీ సంబంధమే కనబడలేదు. నా లెక్కలో తప్పుందా?
– ఎం.ఎస్.డబ్ల్యూ. విద్యార్థి, తిరుపతి

జవాబు: తప్పే అనుకోనక్కర్లేదు. కౌమారంలో, తొలి యవ్వనంలో పేద, ధనిక పిల్లల ఆరోగ్యంలో తేడాలు తగ్గి కనిపిస్తాయని గ్లాస్గోలో పనిచేసిన పరిశోధకుడు పాట్రిక్ వెస్ట్ 1997లోనే వాదించారు. పైగా యూనివర్సిటీ గడప దాకా వచ్చినవాళ్లే మీ సర్వేలో ఉన్నారు, ఇంటర్‌తో పనికి పోయినవాళ్లు లేరు. ఇరవై ఏళ్ల ఒళ్లు చాలా దాచుకుంటుంది. బ్రిటిష్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరగడం కనిపించిందంటే, చూసింది నడివయసు వాళ్లను.

మీరు అడిగిన ప్రశ్న కూడా మార్చి చూడండి. ఆదాయ ధ్రువపత్రంలో రాసే అంకె ఎంత నిజమో మీకూ నాకూ తెలుసు! అమెరికాలో నాన్సీ ఆడ్లర్ బృందం 10 మెట్ల నిచ్చెన బొమ్మ చూపించి, ‘సమాజంలో మీరు ఏ మెట్టు మీదున్నారు?’ అని అడిగింది. 2000లో వచ్చిన వాళ్ల వ్యాసంలో, చదువు, ఆదాయాల కంటే ఆ మెట్టుకే నిద్ర పట్టే వ్యవధితో, గుండె వేగంతో గట్టి సంబంధం కనిపించింది. రూపాయినీ యూరోనూ పక్కపక్కన పెట్టి పోల్చే బెడద లేదు కనుక వేర్వేరు దేశాల విద్యార్థులను చూసేటప్పుడూ ఈ నిచ్చెన పనికొస్తుంది. దాంతో పాటు ‘గత నెల డబ్బుల్లేక పూట మానేశారా?’ అనీ అడగండి.

ప్రశ్న: హాస్టల్లో ఉంటాను. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. మా నాన్న ఆటో నడుపుతారు. ఉద్యోగుల పిల్లయిన నా రూమ్మేట్‌కూ తక్కువే ఉంది. ఎందుకని?
– పీజీ విద్యార్థిని, వరంగల్

జవాబు: 12 ఉండాలమ్మా. తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇది పేదింటికే పరిమితమైంది కాదు. ఇద్దరూ తినేది ఒకే మెస్సులో కదా: నీళ్ల సాంబారు, గుప్పెడు కూర, గిన్నెడు అన్నం, వెంటనే టీ. ఆ టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, గంట ఆగి తాగండి. అన్నంలో నిమ్మకాయ పిండుకోండి, జామకాయ తినండి. అయితే 9.2 తిండితోనే పెరగదు. ప్రభుత్వాసుపత్రిలో ఐరన్ మాత్రలు ఉచితం, నులిపురుగుల మాత్రా అడగండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే దాచకుండా చెప్పండి. ఇద్దరూ వెళ్లండి.

ప్రశ్న: టెక్సస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. బీఎంఐ 24.5, నార్మలే అన్నారు. నాన్నకు షుగర్ ఉంది. భయపడాలా?
– ఒక విద్యార్థి

జవాబు: 25 లోపు నార్మల్ అనేది అందరికీ కలిపి పెట్టిన గీత. మనవాళ్లకు 23 దాటితేనే జాగ్రత్త పడాలి. ఆసియా సంతతి వాళ్లకు 23 నుంచే షుగర్ పరీక్ష గురించి ఆలోచించమని అమెరికా డయాబెటిస్ సంఘం కూడా చెబుతోంది. ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్‌కు వెళ్లి, నాన్నగారి సంగతి చెప్పి హెచ్‌బీఏ1సీ పరీక్ష అడగండి. ఇన్సూరెన్స్ ఎంత భరిస్తుందో, మీ జేబులోంచి ఎంత పోతుందో రక్తం ఇవ్వకముందే కనుక్కోండి.